నాగేంద్రమ్మ చేతులు

బెజవాడ ఆసుపత్రి నుంచి నాగమణి ఇంటికొచ్చేసరికి తోటలో కాయకోత మొదలైపోయింది.

చాట్రాయి పక్కన ఆ మామిడితోటకి నరసింహులు కాపలాదారు. తోట మధ్యనే పాక. అందులో అతనూ, భార్య నాగమణీ, తల్లి నాగేంద్రమ్మా ఉంటారు. చలికాలం దాకా తమ్ముడు వీరయ్య కూడా ఉండేవాడు. సన్నిపాతజ్వరం వచ్చి పోయాడు. వాడి దినాలు అయ్యీకాకముందే అదే జ్వరం నాగమణిని పట్టుకుంది. ఈసారి నరసింహులు ఎవరి మాటా వినకుండా బండి కట్టించుకుని బెజవాడ తీసుకుపోయాడు.

మనిషైతే బతికి వచ్చింది. జుట్టు సగానికి సగం రాలిపోయింది, జబ్బలు పుల్లల్లా అయ్యాయి. పోయిన ఒంటికి బదులు అక్కణ్ణించి ఒక కొత్త అలవాటు తెచ్చుకుంది. పొయ్యి దగ్గరికెళ్ళే ముందూ, బయటికెళ్ళి వచ్చాకా బూడిదతో చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది. తను కడుక్కోవడమే కాదు, ఇంట్లో వాళ్ళనీ కడుక్కోమని ప్రాణం తీసేది. ఆసుపత్రిలో శౌరమ్మ అనే నర్సు చెప్పిందట.

అసలే మెట్టనేల. ఎండలు ముదిరితే నూతిలో నీళ్ళు అడుక్కి పోతాయి. నుయ్యేమో తోటకి ఆ చివర. నాగమణికి బిందె ఎత్తే ఓపిక లేదు, తల్లి పెద్దది. కావిడి నరసింహులే మొయ్యాలి. రాత్రంతా కాపలా, పగలంతా కోతవాళ్ళ వెనక తిరుగుడు, మధ్యలో ఈ నీళ్ళు.

“పొద్దున తెచ్చిన నీళ్ళేవే?”

“అయిపోయాయి.”

“ఏం చేశారు?”

“చేతులు కడుక్కున్నాం.”

నరసింహులు పళ్ళు నూరుకుంటూ మళ్ళీ కావిడి ఎత్తేవాడు. కడుక్కుంటే ఏమొస్తుందో అతనికి తెలీదు. కానీ ఆసుపత్రి మంచం మీద ఆమెని చూసొచ్చిన మనిషి. కాదనడానికి నోరు రాలేదు.

ఓ రోజు కోతల మేస్త్రీ మల్లయ్య మధ్యాహ్నం వాళ్ళ పాకలోనే భోజనానికి కూర్చున్నాడు. పొద్దుటినించీ రసాలు బుట్టలకెత్తించిన చేతులు, మోచేతుల దాకా జీడీ మట్టీ. నాగమణి చెంబూ బూడిదా పట్టుకుని ఎదురుగా నిలబడింది.

“వేళ్ళు తడుపుకున్నానుగదమ్మా,” అన్నాడు మల్లయ్య నవ్వుతూ. “తిన్నాక ఎలాగూ కడుక్కుంటాను. తినకముందు ఇంత తోముడేంటి, ఇవేమన్నా అంట్లా? నా చేతి మట్టి నా కడుపులోకే పోతుంది, నీకేంటి నష్టం?”

నరసింహులు కూడా నవ్వాడు. నాగమణి నవ్వలేదు.

“నవ్వులాట కాదన్నా. ఆ జ్వరం వండే చేతుల్లోంచీ, వడ్డించే చేతుల్లోంచీ వస్తుందంట. పైకి నిక్షేపంలా ఉన్న మనిషి చేతిలోంచైనా వస్తుందంట. శౌరమ్మే చెప్పింది.”

పప్పు వడ్డించబోతున్న నాగేంద్రమ్మ గరిట అక్కడే ఆగిపోయింది.

“అంటే?” అంది.

కోడలి వైపు తిరిగింది.

“వీరిగాడికి వండిపెట్టింది నేను. జ్వరంలో కూడా నా చేత్తో ముద్ద కలిపి పెడితే తప్ప తినేవాడు కాదు. అంటే, నా కొడుకుని నేనే చంపుకున్నానంటావా?”

“నేనా మాట అనలేదత్తా!”

“ఇంకెలా అంటారే?”

గరిట గిన్నెలో పెట్టేసి బయటికెళ్ళిపోయింది. మల్లయ్య చేతులు కడుక్కుని, గబగబా నాలుగు మెతుకులు తిని లేచాడు.

ఆనాటినించీ నాగేంద్రమ్మ పొయ్యి దగ్గరికి రాలేదు. ఇంట్లో ఏ గిన్నే ముట్టుకోలేదు. తాగే నీళ్ళు కూడా ఎవరో ఒకరు ఎత్తి దోసిట్లో పొయ్యాల్సిందే. పొద్దస్తమానం చెట్టు కింద కూర్చునేది. నాగమణి గోడ పట్టుకుని లేస్తూ, కూర్చుంటూ వండేది. ఇద్దరిలో ఎవరిని కసరాలో నరసింహులుకి తెలీలేదు. తెలిసినా, కసిరే ఓపిక లేదు.

“ఆ మాట అనకపోతే ఏం పోయేదే?” అన్నాడు నాగమణితో.

“నువ్వు పోతావేమోనని భయం,” అంది. పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, “శౌరమ్మని అడిగాను, మా మరిదికి ఎవరినించి వచ్చిందని. అది ఎవరూ చెప్పలేరంది. అత్త చేతిలోంచే రావాలనేముంది? మజ్జిగ కలిపిచ్చింది నేనేగా! నా చేతిలోంచే వచ్చిందేమో. వాగు నీళ్ళు తాగి తెచ్చుకున్నాడేమో.”

“ఆ ముక్క అమ్మతో చెప్పొచ్చుగా.”

“నా మొహం చూస్తేగా చెప్పేది.”

ఆ సాయంత్రం అతను కావిడి దించుతుంటే పాక వెనకాల బరబరా రుద్దుతున్న చప్పుడైంది. అంట్లు తోముతున్నారేమో అనుకుని వెళ్ళి చూశాడు. తల్లి గొంతుక్కూర్చుని కొబ్బరిపీచుతో, బూడిదతో చేతులు తోముకుంటోంది. అరచేతులు కందిపోయి, వేళ్ళ సందుల్లో నెత్తురు ఊరుతోంది.

“చాలమ్మా.”

“పోలేదురా ఇంకా.”

“ఏం పోలేదు?”

“నాకేం తెలుసు? కనపడదంటగా!”

నరసింహులు పక్కన చతికిలబడ్డాడు. పీచు లాగేసుకుని, నాగమణి చెప్పిన మాటలన్నీ చెప్పాడు. మజ్జిగ సంగతీ, వాగు సంగతీ, ఎవరూ చెప్పలేరన్న సంగతీ. నాగేంద్రమ్మ అంతా విని తల అడ్డంగా ఊపింది.

“దాని చేతిలోంచి కాదురా. దానికి పాపం అంటగట్టకు,” అంది. చేతులు చాపి, “నీళ్ళు పొయ్యి,” అంది.

అతను పోశాడు. అప్పుడే మోసుకొచ్చిన బిందె ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాడు.

తెల్లారి నాగేంద్రమ్మ పొయ్యి దగ్గరికొచ్చి, “లేవ్వే, నిలబడలేక చస్తున్నావు,” అని కోడల్ని లేపింది. ముందు చేతులు కడుక్కుంది. పగుళ్ళలో కారం పడి మండితే పళ్ళు బిగబట్టుకుంది. నాగమణి ఆముదం తెచ్చి రాస్తానంటే, కాసేపు వద్దని, తర్వాత చేతులిచ్చింది. ఇద్దరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. మల్లయ్య వచ్చినప్పుడు చెంబు పట్టుకుని నాగేంద్రమ్మే నిలబడింది. అతను పరాచికాలాడకుండా చేతులు చాపాడు.

కానీ ఎవరికీ ముద్ద కలిపి నోట్లో పెట్టడం మాత్రం మానేసింది. ఓ పూట మామిడిపండు రసం పిండుకున్న అన్నం ముందు పెట్టుకుని, “ఒక ముద్ద పెట్టమ్మా, ఒళ్ళు పులిసిపోయింది,” అన్నాడు నరసింహులు. ఆమె, “నువ్వే తినరా,” అని కంచం అతని ముందుకి జరిపింది.

ఆ వేసవి గడిచిపోయింది. పాకలో మళ్ళీ ఎవరికీ జ్వరం రాలేదు. కడుక్కోవడం వల్ల రాలేదో, అసలు రాకుండానే ఉండేదో నరసింహులుకి తెలీదు. ఎవర్నీ అడగనూ లేదు.

ఆఖరి బండి కాయ వెళ్ళిన నాడు వాన పట్టుకుంది. నాగమణి చూరు కింద కుండలు పెట్టింది. అవి నిండి పొర్లుతుంటే నరసింహులు గుమ్మం పక్కన నేల మీదే ఒరిగి, బొమికలన్నీ విడిపోయినట్టు నిద్రపోయాడు. ఆడవాళ్ళిద్దరూ అతన్ని లేపలేదు. జల్లు కొట్టి కాళ్ళు తడుస్తుంటే నాగేంద్రమ్మ ఓ పాత గోనె తెచ్చి కప్పింది.