పొగ చూసే మనిషి

గురువారం సంతలో పాత మోటారు బండి కొనాలంటే ఇద్దరు వెళ్లాలి. ఒకడు నడపాలి, ఇంకొకడు వెనక నిలబడి పొగ చూడాలి. నడిపేవాడికి తన బండి పొగ కనపడదు కదా! మరాకేష్‌లో పాలుగారే పిల్లాడికి కూడా ఈ సంగతి తెలుసు. అయినా బుజెమా ఒక్కడే వెళ్లాడు.

వెనక నిలబడే అల్లాల్ రంజానుకు ముందు నెలలో పోయాడు. ముప్ఫై ఏళ్లు ఇద్దరూ కలిసి గోడలకు సున్నం పూశారు, ఒకే పళ్లెంలో తిన్నారు. బుజెమా కొన్న ఐదు బండ్లకూ పొగ చూసింది అల్లాలే. ఐదోది మొన్న మూలపడింది. ముప్ఫై కిలోమీటర్ల అవతల పని కుదిరింది, శనివారం పొద్దునకి చేరకపోతే మేస్త్రీ ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. చేతిలో ఉన్నవి ఒక్క బండికి సరిపోయే దిర్హములు. బండి చెడ్డదైతే పనీ పోతుంది, డబ్బూ పోతుంది.

మిలూద్ అనే అతను ఎర్ర బండి పక్కన చాప వేసుకుని పుదీనా టీ కాస్తున్నాడు. బుజెమా పలకరింపుకన్నా ముందు ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగానే ఉంది. వెచ్చగా ఉంటే, అమ్మేవాడు పొద్దున్నే దాన్ని బతిమాలి లేపాడన్నమాట.

"పని తెలిసినవాడివే! ఒక్కడివే వచ్చావా అన్నా?" అన్నాడు మిలూద్.

సంతలో ఒంటరినని ఒప్పుకోవడమంటే కోరి మెడ చాపడమే. బుజెమా గొంతు పెంచాడు.

"మావాడు వెనకాలే వస్తున్నాడు. సున్నం అల్లాల్. పేరు వినే ఉంటావు. ఇంజిన్ దగ్గితే చాలు, ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పేస్తాడు."

టీ వంచుతున్న మిలూద్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "విన్నాను. రానీ," అని మూడో గ్లాసు కూడా నింపాడు.

బుజెమా వంగి చూశాడు. "ఈ పొగ గొట్టానికి అతుకేసి రంగు పూశావు తమ్ముడూ."

"నా పళ్లూ కట్టుడువే. తినడం మానేశానా?"

"చైను వేలాడుతోంది."

"బిగిస్తే బిగుస్తుంది. మీవాడింకా రాలేదే?"

"దానిమ్మల కొట్టు దగ్గర ఎవడితోనో గొడవ పెట్టుకుని ఉంటాడు. వాడి నోరు ఊరుకోదు." ఆ మాట అంటుంటే బుజెమాకి ప్రాణం లేచొచ్చింది. అల్లాల్ నిజంగానే అక్కడ చేతులూపుతూ అరుస్తున్నట్టు అనిపించి, అటు తిరిగి చూశాడు కూడా.

ఎండ ముదిరింది. జనం పలచబడ్డారు.

"పోనీ, పొగ నేను చూస్తాను. నువ్వు నడుపు," అన్నాడు మిలూద్.

"అమ్మేవాడివి నువ్వు చూస్తావా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది!"

అన్నాడే గాని వేరే దారి లేదు. బండి ఎక్కి సంత గోడ మలుపుదాకా వెళ్లి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు. పొగ పలచగా తెల్లనైతే అల్లాల్ అరచెయ్యి ఎత్తేవాడు. నూనె మండి నీలంగా వస్తే పిడికిలి. దుమ్ములో మిలూద్ నిలబడి ఉన్నాడు. పిడికిలి ఎత్తి ఉన్నాడు.

బుజెమా తిరిగొచ్చాడు. "నీ సరుక్కి నువ్వే వంక పెడతావేంటి? అసలా గుర్తు నీకెవరు చెప్పారు?"

"అల్లాలే. నిరుడు నాకూ ఇక్కడే పొగ చూసిపెట్టాడు. ఆయన్ని మోసినవాళ్లలో నేనూ ఉన్నాను అన్నా. నువ్వు ఏడుస్తున్నావు, నన్ను చూడలేదు." మిలూద్ నేల చూపులు చూశాడు. "ఇంకెవడైనా అయితే అమ్మేసేవాణ్ణే."

బుజెమా ముఖం కందిపోయింది. ఇంతకన్నా మోసపోయినా బాగుండేదనిపించింది. పొద్దుట్నుంచీ తను ఆడిన అబద్ధం ఇతనికి ముందే తెలుసు. తెలిసే మూడో గ్లాసు నింపాడు. అది అక్కడే చల్లారిపోయి ఉంది.

"ఆ చివర మా బావమరిది నల్ల బండి ఉంది. పద, నేను చూస్తాను," అన్నాడు మిలూద్.

నల్ల బండి ఒక్క తన్నుకే అందుకుంది. మలుపు దగ్గర బుజెమా వెనక్కి తిరిగాడు. అరచెయ్యి లేచింది. పొగ తెల్లనే, శనివారం పని దొరికినట్టే. ఆ చేతికేసి అలాగే చూస్తుండిపోయాడు. సున్నం మరకల్లేని చెయ్యి, వేళ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. అల్లాల్ ఇక రాడని బుజెమాకి అప్పుడు తెలిసింది.