వెనక సీటు పొగ

ఆలూరులో ఎరువుల అంగడి నడిపే వీరభద్రకు ఒక పాత తెల్ల కారు ఉండేది. పదిహేనేండ్లు నిండడంతో దాని రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాల్సి వచ్చింది. అంతకుముందు పొగ పరీక్ష కావాలన్నారు. వీరభద్ర ఆదోనికి పోయి, పెట్రోలు బంకు పక్కనున్న పరీక్ష కేంద్రంలో కారు నిలిపినాడు. అక్కడి మనిషి పొగగొట్టంలోకి సన్నటి పైపు దూర్చి, కంప్యూటర్ చూసి పెదవి విరిచినాడు.

"పాస్ కాలేదప్పా. విషగాలి శానా వస్తాండాది."

"పొగ యాడుండాది? కంటికేమీ కనపడదే."

"ఈ గాలి కనపడేది కాదు. నీకు తొందరగా కావాలంటే చెప్పు, ఆ కొత్త బండికి పైపు పెట్టి నీ నంబరు ఎక్కిస్తా."

వీరభద్ర కొంచెంసేపు ఆలోచించి వద్దన్నాడు. నీతి కోసం కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మళ్లీ పరీక్ష పెడితే బండి అక్కడే ఆగిపోతుందని భయం.

ఇంట్లో ఆ కారు మీద అప్పటికే ఒక తగవు నడుస్తోంది. వీరభద్ర తల్లి గిడ్డమ్మకు రెండు కండ్లలోనూ శుక్లాలు. ఆపరేషనుకు ఆదోని పోదామంటే కారెక్కనని మొండికేసింది. ఎక్కిన ప్రతిసారీ తల పగిలిపోతుందని, కడుపులో తిప్పుతుందని ఆమె మాట. బస్సులో అయితే వస్తానంది. కారు పెట్టుకొని తల్లిని బస్సులో తీసుకపోతే ఊళ్లో తలెత్తుకోలేనని కొడుకు ఒప్పుకోలేదు.

"బస్సు పడినోళ్లకు కారు పడదామ్మా?" అని నవ్వేవాడు.

కోడలు యశోద నవ్వేది కాదు. కత్తికి భయపడి అత్త నాటకమాడుతోందని ఆమె నమ్మకం. ఒకరోజు ఆ మాట మొహం మీదే అనేసింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా అన్నం పెట్టమనే మాట, స్నానానికి నీళ్లు తోడమనే మాట తప్ప ఇంకోటి లేదు.

వీరభద్ర కారును ఊళ్లోనే ఉన్న మెకానిక్కు శేషన్న షెడ్డుకు తోలినాడు. శేషన్న ఎయిర్ ఫిల్టరు విప్పితే నల్లరేగడి దుమ్ము గడ్డలు గడ్డలుగా రాలింది. ఫిల్టరు, ప్లగ్గులు మార్చి, "ఇంగ పాసే" అన్నాడు. ఎందుకైనా మంచిదని ఆదోనికి తానూ బయల్దేరినాడు. కంటి డాక్టరుతో మాట్లాడి వస్తానని యశోద కూడా ఎక్కింది. ఇంజను చప్పుడు వింటానని శేషన్న ముందు సీట్లో కూర్చున్నందున ఆమె వెనక కూర్చోవాల్సి వచ్చింది. వెనక అద్దాలు ఎప్పుడో బిగుసుకపోయినాయి, దిగవు.

సగం దారిలో యశోదకు కణతలు కొట్టుకోవడం మొదలైంది. ఆదోని పొలిమేర దగ్గర బండి ఆపమని దిగి, తుమ్మచెట్టు పట్టుకొని వాంతి చేసుకుంది.

"ఎండదెబ్బ" అన్నాడు వీరభద్ర, నీళ్ల సీసా ఇస్తూ.

ఆమె మొహం కడుక్కొని రోడ్డు గట్టు మీద కూర్చుంది. వెనక సీటు వైపే చూసింది. తర్వాత, "అత్త ఎప్పుడూ కూర్చునేది ఆ సీట్లోనే గదా?" అంది.

వీరభద్ర అవునన్నాడు. శేషన్న ఇంజను ఆపొద్దని చెప్పి వెనక సీటు పైకెత్తినాడు. అడుగు రేకుకు ఒకచోట రంధ్రముంది, దాన్ని మూసే రబ్బరు బిరడా లేదు. అక్కడ చెయ్యి పెడితే వేడిగాలి తగిలింది. రోడ్డు మీద పడుకొని బండి కిందికి చూస్తే, సరిగ్గా ఆ చోటనే పొగగొట్టం అతుకు విచ్చుకొని ఉంది.

"పొగ లోపలికే వస్తాండాదక్కా. నేను కింద చూడనే లేదు" అన్నాడు.

ఆదోనిలో గొట్టానికి వెల్డింగు చేయించి, రంధ్రానికి రేకు వేయించినారు. ఆ తర్వాత పరీక్షకు పెడితే విషగాలి మొదటిసారి కన్నా ఎక్కువ చూపించింది. వీరభద్రకు కోపమొచ్చింది.

"బాగు చేసేకొద్దీ పెరుగుతాండాది! ఇదేం రిపేరు శేషన్నా?"

శేషన్న కూడా మొదట బిత్తరపోయినాడు. బీడీ ముట్టించుకొని బండి చుట్టూ తిరిగినాడు. చివరికి అతనికి తట్టింది. ఇంతకుముందు ఆ చీలికలోంచి బయటి గాలి కలిసి పొగ పలచబడేది. మిషను చూసింది ఆ పలచటి పొగనే. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చూపిస్తోంది. అంటే అసలు జబ్బు ఇంజనులోనే ఉంది. ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటర్ విప్పితే, పెట్రోలును ఆపే సూది అరిగిపోయి ఉంది. అవసరానికి మించి పెట్రోలు పారి, సగం కాలీ కాలక బయటికి పోతోంది. కొత్త సూది వేసి సరిచేసేసరికి ఎండ తగ్గింది, యశోద కంటి డాక్టరుతో మాట్లాడి వచ్చింది. ఈసారి బండి పాసయింది.

తిరుగు ప్రయాణంలో యశోద ఎవరూ చెప్పకముందే వెనక కూర్చుంది. ముందు అద్దాలు కూడా ఎత్తమంది. ఆలూరు వచ్చేదాకా ఆమెకు ఏమీ కాలేదు.

గిడ్డమ్మ వసారాలో కందులు చెరుగుతోంది. చూపు ఆనక వేళ్లతో తడిమి రాళ్లు ఏరుతోంది. యశోద పోయి పక్కన కూర్చుంది.

"అత్తా, నీ తలనొప్పి కార్లో పొగకు. ఇయ్యాల నాకూ వచ్చె. నాటకమంటి నిన్ను. తప్పయిపాయ."

గిడ్డమ్మ చేట ఆపలేదు.

"నేను చెప్తే ఎవరికీ ఎక్కకపాయ. మిషను చెప్తే ఎక్కె." ఒక రాయి ఏరి పారేసి మళ్లీ అంది: "పొమ్మనలేక పొగబెట్టినారంటారే, అది సామెతే అనుకుంటి ఇన్నాళ్లూ."

యశోదకు నవ్వొచ్చింది. నవ్వితే అత్త ఏమనుకుంటుందోనని ఆపుకుంది. కానీ గిడ్డమ్మే ముందు నవ్వింది.

మరుసటి వారం గిడ్డమ్మ అదే కార్లో ఆదోనికి పోయింది. కోడలు పక్కన కూర్చుంటేనే ఎక్కింది. దారిలో నాలుగైదుసార్లు ముక్కు ఎగబీల్చి వాసన చూసింది. తల నొప్పి పెట్టలేదు. కుడికంటికి ఆపరేషను అయింది. కట్టు విప్పినాక ఇంటికొచ్చి కోడలి మొహం దగ్గరగా చూసి, "చిక్కిపోయినావే" అంది.

రెండో కంటికి మాత్రం బస్సులోనే పోతానని పట్టుబట్టింది.

"ఇంగ కారుకేమాయమ్మా?" అన్నాడు వీరభద్ర.

"కారుకేం కాలేదు నాయనా. బస్సులో అయితే నలుగురితో మాట్లాడుకుంటా పోవచ్చు."

అత్తతో పాటు యశోద కూడా బస్సెక్కింది. వీరభద్ర ఖాళీ కారు తోలుకుంటూ బస్సు వెనకే పోయినాడు.