ఆడ ఎలుకలు

"స్నానం చేశాకే గిన్నెలు ముట్టుకో," అనేవారు మా అత్తగారు, నేను ల్యాబ్ నుంచి రాగానే. మా ఆయనకైతే నా ఉద్యోగమే ఓ జోకు. బంధువులొస్తే చాలు, "మా ఆవిడ కొండ తవ్వకుండానే ఎలుకల్ని పడుతుంది" అని నవ్వించేవారు. నేనూ నవ్వేసి, కప్పులు తీసుకుని లోపలికెళ్ళేదాన్ని. మత్తిచ్చిన ఎలుక గుండెలో ఓ రక్తనాళానికి వెంట్రుకంత దారంతో ముడివేసి, గుండెపోటు తెప్పించి, ఏ మందుకి ఆ గుండె ఎంత కోలుకుంటుందో చూడటం నా పని. రేగుపండంత గుండె. ముడి బిగించేటప్పుడు నా ఊపిరి నాకే అడ్డం. అంత పని చేసొచ్చిన చేతులే ఇంట్లో ఎవరి కంచం ఎక్కడ వదిలేశారో వెతుక్కునేవి.

ఓ ఆదివారం అత్తగారు కూరలు తరుగుతూ కత్తి పక్కన పెట్టేశారు. దవడ లాగుతోందన్నారు. ముఖమంతా చెమట. వారం నుంచీ ఒంట్లో సత్తువ లేదనీ, పని తప్పించుకోవడానికి అంటోందనుకుంటారని చెప్పలేదనీ అప్పుడు బయటపెట్టారు. మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే గ్యాస్ అయ్యుంటుందన్నారు. నిద్ర చాలక అన్నారు మామగారు. ఆయనకి ఆమధ్య ఛాతీలో కాస్త పట్టేసినట్టుంటే ఇంటిల్లిపాదీ పరుగులు పెట్టాం. ఇప్పుడు నన్ను మాత్రం నిమ్మరసం కలపమన్నారు. నేను అంబులెన్స్‌కి ఫోన్ చేశాను.

"ఇంతదానికి అంబులెన్సా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు మా ఆయన.

ఆసుపత్రిలో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి బయటికొచ్చిన డాక్టరమ్మ, ఆడవాళ్ళని సాధారణంగా ఆలస్యంగా తెస్తారనీ, ఈవిడ అదృష్టవంతురాలనీ చెప్పింది. మా ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, మందుల చీటీ నా చేతిలోంచి తీసుకున్నారు.

తర్వాతి వారం కొత్త మందు మీద మీటింగ్ పెట్టారు. ఎప్పట్లాగే అన్నీ మగ ఎలుకలే తెప్పించమన్నారు డైరెక్టర్‌గారు. ఆడవాటికి నాలుగైదు రోజులకోసారి హార్మోన్లు మారతాయి, లెక్కలు కలవవు అన్నది నేను చేరిన నాటినుంచీ వింటున్న మాటే. సగం ఆడవి కావాలన్నాను.

"ఆ హార్మోన్ల గొడవ మనకెందుకమ్మా?"

"ఆ గొడవ ఉన్నవాళ్ళు కూడా ఈ మందు మింగుతారు కదా సర్."

ఆయన సరేనన్నారు, కానీ అదనపు పనంతా నాదేనన్నారు. ఎక్కడో విన్నట్టే ఉంది. చదువుకుంటానంటే సరే, ఇంటిపని నీదే. ఉద్యోగం చేస్తానంటే సరే, పిల్లలు నీ పూచీ. నేను అడిగిన ప్రతిదానికీ 'సరే' దొరికింది, దాని తోకకి ఓ బండరాయి కట్టి.

"అదనపు పని కాదు సర్. ఇన్నాళ్ళూ మనం సగమే చేశాం. అందరం పంచుకుందాం," అన్నాను.

పంచుకున్నారు, కొందరు మొహం ముడుచుకునే.

ఆ సాయంత్రం వంట మా ఆయనకి వదిలేసి, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన అత్తగారి పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. నిద్రపోయారేమో అనుకుని లేవబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"మా అమ్మ నలభై దాటకుండానే పోయింది," అన్నారు. "ఎందుకు పోయిందని ఎవరూ అడగలేదే."