సర్దిన ఫైలు

“డేటా కాస్త సర్దిపెట్టండి అక్కా, మీకు అలవాటేగా,” అన్నాడు టై కట్టుకున్న కుర్రాడు.

పెళ్లయిన పదిహేనేళ్లకి, ముప్పై ఎనిమిదో ఏట, ఫైనాన్షియల్ ఎకనామెట్రిక్స్, అంటే మార్కెట్ ధరల లెక్కల శాస్త్రం, చదవడానికి యూనివర్సిటీలో చేరాను. ప్రాజెక్టుకి ముగ్గురం ఒక గ్రూపు. రోజూ టై కట్టుకుని వచ్చేవాడొకడు (నా మనసులో అతని పేరే ‘టై’), అతనేమన్నా తలూపే స్నేహితుడొకడు, నేను. షేర్ల ధర రేపు పెరుగుతుందో పడుతుందో ఇవాళే ఎంతవరకు అంచనా వేయొచ్చో తేల్చాలి. ఆ అంచనా కట్టే లెక్క, అదే మోడల్, టై చూసుకుంటాడట, స్లైడ్లు తలూపేవాడు చేస్తాడట. నాకు సర్దుడు.

ఇంట్లో చేసేదీ అదే. పొద్దున్నే పక్కలు సర్ది, ఆయన షర్టులు బీరువాలో సర్ది, అత్తయ్య మాత్రలు వారానికి సరిపడా పెట్టెలో సర్ది, అప్పుడు బస్సెక్కుతాను. చదువుకుంటానన్న రోజు ఆయన, “నీ ఇష్టం, ఇంటి పనికి మాత్రం అడ్డు రాకూడదు,” అన్నారు. దాన్ని ఉదారత అనుకుని సంతోషపడ్డాను కూడా. తలుచుకుంటే సిగ్గేస్తుంది. అత్తయ్య అయితే, “ఈ వయసులో పరీక్షలేంటమ్మా, సర్దుకుపోతే ఇంట్లో నీకేం తక్కువ?” అన్నారు. ఏం తక్కువో నేను చెప్పేలోపే కాఫీ అడిగారు.

మూడు వారాలు సర్దాను. అన్నీ చిన్న కంపెనీల షేర్లు. చాలా రోజులు వాటిని కొనేవాళ్లుండరు, అమ్మేవాళ్లుండరు. ఆ తేదీల దగ్గర గడులు ఖాళీ. వంటగట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఒక కన్ను పొయ్యి మీద వేసి, నాలుగు వేల పైచిలుకు ఖాళీలు చూశాను. ప్రతి ఖాళీలో అంతకు ముందురోజు ధర పెట్టాను. ఆ రోజున మనిషికి తెలిసేది అంతవరకే కదా.

ప్రెజెంటేషన్‌కి రెండు రోజుల ముందు చూస్తే మోడల్ పదింట తొమ్మిదిసార్లు కరెక్టుగా చెబుతోంది. అనుమానమొచ్చి దానికి వాడిన ఫైలు తెరిచాను. నేను పెట్టిన ధరలు లేవు. ప్రతి ఖాళీలో మర్నాటి ధర ఉంది. రేపటి ధరని ఇవాళ్టి గడిలో దాచిపెట్టి, రేపటిని కనిపెట్టేశామని చెప్పబోతున్నాం.

“మీ ఫైలుతో రిజల్ట్ రాలేదక్కా, అందుకే మార్చాను. ఇప్పుడు కదపొద్దు,” అన్నాడు టై. తలూపేవాడు తలూపాడు.

ఇంట్లో చెబితే ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు. “గ్రూపన్నాక సర్దుకుపోవాలి. మార్కులొస్తాయిగా.” నాకు ఒళ్లు మండిపోయింది. మండుతూనే ఆయన కంచం తీశాను. ఆ తర్వాత నా పాత ఫైలు మీద మోడల్ నేనే నడిపి, పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. దాంతో ఏం చేస్తానో అప్పటికి నాకే తెలియదు.

ప్రెజెంటేషన్ పొద్దున మొదటి క్లాసులో. మొదటి స్లైడు మీద వాళ్లిద్దరి పేర్లు పెద్దగా, అడుగున చీమంత అక్షరాల్లో ‘డేటా సహాయం’ అని నా పేరు. ప్రొఫెసర్ గారు పదింట తొమ్మిది దగ్గర ఆపేశారు.

“ఇది నిజమైతే మీకు చదువెందుకు? డేటా ఎవరు చేశారు?”

“డేటా అంతా అక్కే సర్దింది సర్,” అన్నాడు టై తడుముకోకుండా.

క్లాసంతా నా వైపు తిరిగింది. స్లైడు మీద చివరన ఉన్న పేరు తప్పు దగ్గరికొచ్చేసరికి మొదటికొచ్చింది. ఊరుకుంటే ఈ చదువూ పోతుంది, పరువూ పోతుంది. చేతిలో ఫోన్ వణికింది. మా ఆయన మెసేజ్: ‘నా నీలం షర్టు ఎక్కడ సర్దావ్?’

లేచి నిలబడ్డాను.

“నేను సర్దిన ఫైలు అది కాదు సర్. ఇది.” పెన్‌డ్రైవ్ ప్రొఫెసర్ గారి బల్ల మీద పెట్టాను. “ఖాళీల్లో మర్నాటి ధర పెట్టింది నేను కాదు. నా ఫైలుతో వందకి యాభై ఒక్కసారే కరెక్టు.”

వెనక ఎవరో నవ్వారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది మరి.

“మరి మీరు తేల్చిందేంటమ్మా?” అన్నారు ప్రొఫెసర్ గారు.

“రేపటి సంగతి ఇవాళ ఎవరికీ తెలియదని, సర్.”

ఆయన పెన్‌డ్రైవ్ అందుకున్నారు. నేను కూర్చుని ఆ మెసేజ్‌కి జవాబు రాశాను.

‘వెతుక్కోండి.’