సున్నల లక్ష్మప్ప

లక్ష్మప్ప అటక మీది సీసా దించి, పది చింతగింజలు అరచేతిలోకి ఒంపుకుని, పుచ్చినవేమైనా ఉన్నాయేమోనని ఒక్కొక్కదాన్నీ గోటితో నొక్కి చూసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. నలభై ఏడు రోజులుగా ఆ సీసా దించే పని పడలేదు. వాన లేనప్పుడు గింజలతో పనేముంది?

గుమ్మం దగ్గర ఉరుకుందమ్మ పళ్లెంతో బురద ఎత్తిపోస్తోంది. నిన్న సాయంత్రం రెండే రెండు గంటలు కురిసిన వాన ఇంట్లోకి మోకాలెత్తు నీళ్లు తెచ్చిపెట్టింది. ఆ నీళ్లు తోడితోడి లక్ష్మప్ప ఎడమ భుజం పట్టేసింది. పట్టేసిందనే అనుకున్నాడు. ఎద మీద బండ పెట్టినట్టుంటే అది గ్యాసు అనుకున్నాడు. యాభై తొమ్మిదేళ్లలో కంటి ఆపరేషనుకు తప్ప ఆసుపత్రి మెట్లెక్కిన పాపాన పోలేదు ఆ మనిషి.

"ఇదో, ఈపొద్దు ఆ డబ్బా తెరవాల్నా?" ఉరుకుందమ్మ తలెత్తకుండానే అడిగింది.

"ఎనిమిదిన్నరకు తెరవాల గదా."

"నీ కూతురు మొగం ఒక్కసారి తలుసుకోని పో."

కూతురు రూప నిన్ననే మూటలు కట్టి పెట్టుకుంది. మూడెకరాల్లో వేరుశెనగ వేశారు మొగుడూ పెళ్లామూ. ఊడలు దిగే వేళకు ఆగస్టు నడిమి నుంచి చినుకు లేక చేను చేనంతా మాడిపోయింది. ఇప్పుడు కరువు మండలమని ప్రభుత్వం రాస్తే పంట పరిహారం వస్తుంది, ఊళ్లోనే పనులు పెడతారు. రాయకపోతే బెంగళూరులో గోడలు కట్టే పనికి లారీ ఎక్కాలి. నాలుగేళ్ల పిల్లను కూడా ఆ ఇటుకల మధ్యనే పడుకోబెట్టాలి.

లక్ష్మప్ప చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోకి దిగాడు.

కోసిగికి ఇవతల ఉన్న ఆ మండలాఫీసులో ఊడవడం, కుండలో నీళ్లు నింపడం, సార్లకు టీ తేవడం అతని పని. వాటితోపాటు వానడబ్బా. కాగితాల్లో దాని పేరు వర్షమాపకమట, ఊరికి మాత్రం వానడబ్బానే. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు దాని తాళం తీసి, లోపలి క్యానులో పడిన నీళ్లను గీతకో మిల్లీమీటరు లెక్కన గీతల గ్లాసులో కొలిచి రిజిస్టరులో రాస్తాడు. తల్లి చచ్చిపోయిన రోజు కూడా శవాన్ని ఇంట్లో ఉంచి వచ్చి రాశాడు. ఏడాదిలో మూడు వందల రోజులు రాసేది సున్నే. అందుకని ఊళ్లో సున్నల లక్ష్మప్ప అని పేరు పెట్టారు. కూతురి పెళ్లి చదివింపుల పుస్తకంలో సైతం అలాగే రాశారు మహానుభావులు! అతనూ నవ్వి ఊరుకున్నాడు.

కానీ ఆ సున్నల సంగతి అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పనిలో చేరిన కొత్తలో రాసిన పేజీలు చూస్తే మూడు, ఏడు, అయిదు, పదకొండు అని వాన దండలా గుచ్చినట్టు ఉండేది. ఇప్పుడు నెలన్నర సున్నలు, వాటి చివర ఒక్క రోజు కొండంత అంకె. ఎండాకాలమేమో సెప్టెంబరు చివరికొచ్చినా పోనంటోంది. ఇంత మారినా మొత్తం కూడితే పాత ఏడాదికీ కొత్త ఏడాదికీ పెద్ద తేడా ఉండదు. పైనున్నవాళ్లు మొత్తమే చూస్తారు. పైరు బతికేది రోజుల మీద అని వాళ్లకు చెప్పేదెవరు? రిజిస్టరులో రిమార్కులని ఒక గడి ఉంది. ముప్పై ఒక్క ఏళ్లలో అందులో ఒక్క ముక్క రాసే ధైర్యం లక్ష్మప్పకు చాలలేదు.

ఆఫీసు మలుపులో బజారి కాచుకుని ఉన్నాడు. వరసకు తమ్ముడు, పత్తి వేసి మునిగినవాడు. కళ్లు చూస్తే నిద్రపోయినట్టు లేదు.

"అన్నా, ఈపొద్దు తెరవాకన్నా. రేప్పొద్దున తెరువు. నీళ్లు యాడికి పోతాయి? ఆ క్యానులోనే ఉంటాయి."

అతను అడిగేది ఒక్క రోజే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ మండలంలో పడాల్సింది మూడు వందల తొంభై మిల్లీమీటర్లు. నిన్నటి దాకా పడింది రెండు వందల అరవై ఎనిమిది. ఈరోజు సెప్టెంబరు ముప్పై, లెక్కకు చివరి రోజు. క్యాను ఇప్పుడు తెరిస్తే నిన్నటి వాన సెప్టెంబరులో పడి లోటు పూడిపోతుంది. రేపు తెరిస్తే అక్టోబరు ఖాతాలోకి పోతుంది, కరువు కరువుగానే ఉంటుంది. పంచాయతీ మేడ మీద పెట్టిన వాన కొలిచే కొత్త యంత్రం కోతులు తీగ తెంపినప్పటి నుంచి మూగదే. లక్ష్మప్ప చెప్పిందే వాన.

"అబద్ధం రాయమంటానా అన్నా? ఆలీసంగా తెరవమంటాండా, అంతే. పైరు సచ్చినాక పడిన వాన, వాననా?"

"కాదు," అన్నాడు లక్ష్మప్ప. "కాదు గానీ, పడింది గదప్పా."

బజారి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిగా ఉంది. "సూద్దాం లే" అని విడిపించుకుని లక్ష్మప్ప ఆఫీసు వెనక్కి నడిచాడు.

ముళ్లకంచె మధ్య గద్దె మీద డబ్బా. పక్కనే నిలబడి చాలాసేపు తాళంచెవి తిప్పుతూ ఉండిపోయాడు. మనవరాలు గుర్తొచ్చింది. ఎవరడుగుతారు? జ్వరమొచ్చిందంటే సరిపోతుంది. ఆలోచిస్తే ఒళ్లు మండింది అతనికి, ఎవరి మీదో తెలియదు. ఈ నీళ్లు దాస్తే తన నలభై ఏడు సున్నలనూ ఎవడు నమ్ముతాడు? ఈ ఊరు కరువులో ఉందనడానికి ఆ సున్నలు తప్ప ఇంకేం సాక్ష్యం ఉంది? ఉన్నదున్నట్టు రాయాలి. పక్కనున్న రిమార్కుల గడిలో కూడా రాయాలి ఈసారి: 'రెండు గంటల వాన. అంతకు ముందు నలభై ఏడు రోజులు లేదు. పంట పోయినాక పడింది.' ఏం చేస్తారో చేయనీ.

తాళం తీశాడు.

గ్లాసు ఇరవై గీత దాకా నింపి, గద్దె మీద పెట్టి, కంటికి సమానంగా వంగి చూసి, పారబోసి, ప్యాంటు జేబులోంచి ఒక గింజ తీసి చొక్కా జేబులో వేశాడు. రెండువేల తొమ్మిది వరదల నాడు గ్లాసుల లెక్క తప్పి, ఎన్ని పోశాడో తెలియక సార్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ సిగ్గు తర్వాత పట్టుకున్న అలవాటిది. కంటి ఆపరేషనైన పదకొండు రోజులూ ఉరుకుందమ్మే వచ్చి కొలిచింది, ఆమెకూ అలాగే నేర్పాడు. నిండు గ్లాసుకు ఒక గింజ.

రెండు. మూడు. నాలుగు. అయిదో గింజ తడి వేళ్లకు అంటుకుని జేబులోకి జారడానికి మొరాయించింది. ఆరో గ్లాసుకు క్యాను ఖాళీ అయింది. నీళ్లు పద్దెనిమిది గీత దగ్గర ఆగాయి. మొత్తం నూట పద్దెనిమిది. పెన్ను లోపల బల్ల మీద ఉంది. కాస్సేపాగి లేద్దామని కంచె రాతికి వీపు ఆనించాడు.

తొమ్మిదింటికి ఆదోని నుంచి బండి మీద వచ్చిన క్లర్కు రవికుమార్ అతన్ని ఆ రాతి దగ్గరే చూశాడు. పిలిచాడు, కదిపాడు, భయపడి కేక వేశాడు. మలుపులోనే కూర్చుని ఉన్న బజారి పరిగెత్తుకొచ్చి, అన్న తల ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అంతలో జిల్లా నుంచి ఫోను, వాన ఎంతని. రవికుమార్ ఈ ఆఫీసుకు వచ్చి రెండు నెలలే. నిన్న ఆదోనిలో చుక్క పడలేదు. గద్దె మీది గ్లాసు చూశాడు.

"పద్దెనిమిదేనా పడింది? పెద్దవాన అన్నారే?"

బజారి తలెత్తాడు. తడిసిన నేలనూ, ఖాళీ క్యానునూ, గ్లాసునూ చూశాడు.

"అంతే సార్. సప్పుడు జాస్తి, నీళ్లు తక్కువ."

రవికుమార్ పద్దెనిమిది అని రాశాడు. కూడి చూసుకుని, "ఇంకా లోటే. మీది కరువు మండలమే" అన్నాడు. రిమార్కుల గడి ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం ఇంటి ముందు శవానికి నీళ్లు పోయడానికి ఉరుకుందమ్మ చొక్కా విప్పింది. జేబులో చెయ్యి పెట్టి ఏమున్నాయో తీసింది. అరచేతిలో వేసుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. బజారి పక్కన కూలబడ్డాడు.

"వదినా, పోతా పోతా మన ఊరిని కాపాడి పోయినాడు అన్న. మాకోసరం తక్కువ కొలిసినాడు, పద్దెనిమిదే."

లేదని ఆమె గొంతు దాకా వచ్చింది. నా మొగుడు ఒక్క చుక్క దాచలేదు, ఆయనకు ఆ నింద వేయొద్దు అని అరవాలనిపించింది. ఎదురుగా రూప, బిడ్డను ఒళ్లో వేసుకుని ఏడుస్తోంది. పక్కన మూటలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

ఉరుకుందమ్మ పిడికిలి మూసింది. కొంగు చివర ముడి వేసి, ముడి మీద ముడి వేసింది. లోపల అయిదు చింతగింజలు, అందులో ఒకటి ఇంకా తడిగానే ఉంది.