వంటింట్లోంచి వేసిన గది

పొద్దున్న ఆరింటికల్లా లాడ్జీ అక్క మేడ మీద దుప్పట్లు దులపడం మొదలుపెట్టేది. ఆ చప్పుడుకే వీధంతా లేచేది. అలారం పెట్టుకునే పని తప్పిందని ఎదురు లాడ్జీలో దిగినవాళ్లు కూడా మెచ్చుకునేవారు. ఆ తర్వాత బకెట్లు కడగడం, సబ్బులు పంచడం, ఖాళీ చేసేవాళ్లు తువ్వాళ్లు సంచిలో కుక్కుకుపోకుండా కాపలా కాయడం. ముప్ఫై ఏళ్లుగా ఇదే వరస. మొగుడు పోయాక ఆమెకి మిగిలినవి రెండే, లాడ్జీ, నోరు. రెండింటినీ బాగానే నడుపుకొచ్చింది. తోడబుట్టినవాళ్లెవరూ లేకపోయినా వీధిలో ముసలీముతకా కూడా ఆమెని అక్కా అనే పిలిచేవాళ్లు.

మేస్త్రీ కట్టినవి పన్నెండు గదులు. అవి నిండిపోయాక ఎవరైనా పోయే చోటు లేక గుమ్మంలో నిలబడితే, ఆ ఇల్లు ఇంకో గది వేసేది. వరండా చివర గోడ కాస్త ఉబ్బేది, తడి సున్నం వాసన వచ్చేది, గంటా గంటన్నరలో గదీ తలుపూ తయారు. ఆ మనిషి ఖాళీ చేసి బస్టాండు చేరేలోపు గది మళ్లీ మూసుకుపోయేది. అందుకని వాళ్లు సంచీ సర్దుకుంటుండగానే అక్క మంచం బయటికి లాగేసేది. ఒకసారి ఆలస్యమై రెండు దిండ్లు గోడలోనే ఉండిపోయాయి. జనాభా లెక్కలకి వచ్చినాయన "ఇవాళ్టికి ఎన్ని గదులమ్మా?" అని అడిగి, చెప్పింది రాసుకుని, మంచినీళ్లు తాగి వెళ్లాడు.

ఆ ఊరికి పాతిక మైళ్లలో సరిహద్దు. అవతలి దేశానికీ ఇవతలి దేశానికీ ఉప్పూ నిప్పూ. మాట ఒక్కటే, యాస వేరు. తిట్లు మాత్రం అచ్చంగా అవే. ఆ నెల సరిహద్దులో కాల్పులు జరిగాయి. మర్నాడే లాడ్జీల సంఘం సెక్రటరీ కాగితం పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగాడు. ఎదురుగా ఉన్న మూడంతస్తుల లాడ్జీ ఆయనదే. అవతలి దేశం వాళ్లకి ఎవరూ గది ఇవ్వకూడదని ఆ కాగితం సారాంశం. అందరూ సంతకం పెట్టారు, అక్కా పెట్టింది. పెట్టనంటే మర్నాటి నుంచి నీళ్ల ట్యాంకరు తన గుమ్మం ముందు ఆగదని ఆమెకి తెలుసు.

ఆ సోమవారం మధ్యాహ్నం ఒక జంట వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడకి నలభై ఉంటాయి. ఆయన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఆవిడ భుజం పట్టుకుని ఉన్నాడు.

"గదులు లేవు," అంది అక్క, ఆవిడ నోరు తెరవగానే. యాస ఒక్క ముక్కలో పట్టేసింది.

"ఖాళీలున్నాయని బోర్డు ఉందండీ."

"బోర్డుకేం, అది వంద చెబుతుంది."

ఆవిడ వాదించలేదు. తాను అవతలి ఊళ్లో గడియారాలు బాగుచేస్తానని, ఆయన బస్సు డ్రైవరని చెప్పింది. ఒక కన్ను పోయింది, రెండోది పోతోంది. గురువారం ఇక్కడి ఆస్పత్రిలో ఆపరేషన్. సాయంత్రం ఐదింటిలోగా ఎక్కడ దిగారో నమోదు ఆఫీసులో చెప్పకపోతే ఆరింటి బస్సుకి వెనక్కి పంపేస్తారు. మళ్లీ వీసా రావాలంటే ఏడాది.

"ఏడాది దాకా ఆ కన్ను ఆగదన్నారండీ డాక్టరుగారు."

"ఇంకెక్కడా అడగలేదా?"

"ఆరు చోట్ల అడిగాం. ఒకాయన తలెత్తకుండానే పొమ్మన్నాడు. టీ కొట్టాయన అందరికీ గాజు గ్లాసుల్లో పోసి మాకు మాత్రం కాగితం కప్పుల్లో పోశాడు. మంగలాయన మాత్రం ఈయన్ని చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్లి గడ్డం గీశాడు. వాళ్ల తాతది మా ఊరేనట. ఆయన ఉండేది ఒక్క గదిలోనట, ఆరుగురు పిల్లలు."

అక్కకి జాలేసింది. ఆ జాలికీ ఆమెకి కోపమే వచ్చింది. "నేను సంతకం పెట్టానమ్మా. వెళ్లండి," అని తలుపు దగ్గరికి వేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కత్తిపీట ముందు కూర్చుని నాలుగు ముక్కలు తరిగిందో లేదో, తడి సున్నం వాసన గుప్పుమంది. పొయ్యి పక్క గోడ ఉబ్బుతోంది. డబ్బాల అర దానంతటదే పక్కకి జరుగుతోంది. ముప్ఫై ఏళ్లలో ఇల్లు ఏనాడూ వంటింట్లోంచి గది వేయలేదు.

"నిన్నెవరడిగారే?" అక్క కత్తిపీట వదిలి లేచింది. "అవతల నాలుగు గదులు ఖాళీగా ఏడుస్తుంటే ఇప్పుడెందుకు వేస్తున్నావు? ఆ రోజు ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేనా, నువ్వా?"

గోడ ఆగలేదు. తలుపు చట్రం అప్పుడే ఏర్పడుతోంది.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది. "అవున్లే, నువ్వు పెట్టలేదుగా," అంది చివరికి.

బయటికి వచ్చి చూస్తే ఇద్దరూ మెట్టు మీదే కూర్చుని ఉన్నారు. ఎక్కడికని పోతారు? "లోపలికి రండి. గది పచ్చిగా ఉంది, జలుబు చేస్తే మళ్లీ నన్ననకండి," అంది అక్క.

మూడింటికి సెక్రటరీ వచ్చాడు, నమోదు ఆఫీసరుని వెంటబెట్టుకుని. టీ కొట్టాయన చెప్పకుండా ఊరుకుంటాడా మరి. ఆఫీసరు బక్కపలచటి మనిషి, రూలు తప్ప ఇంకేమీ నమలని రకం. జేబులోంచి టేపు తీసి గది నిలువూ అడ్డం కొలిచాడు. తలుపు దగ్గర నిలబడి వంటింటిని చూశాడు, వంటింట్లో నిలబడి తలుపుని చూశాడు.

"ఇది లాడ్జీ గది కాదండీ సెక్రటరీగారూ. దీనికి వరండాలోంచి దారి లేదు. ఇంటి గది."

"ఏ గదైతేనేం సార్? పంపించేయండి."

"అలా కుదరదు. ఇంట్లో దిగేది బంధువులు. బంధువులైతే పసుపు ఫారం." ఆఫీసరు సంచిలోంచి పసుపు ఫారం తీసి పొయ్యి గట్టు మీద పరిచాడు. "ఇంటావిడే రాయాలి. మీకూ వీళ్లకీ బంధుత్వం ఏమిటో రాసి సంతకం పెట్టండి. బంధుత్వం లేదంటే ఆరింటి బస్సు ఎక్కిస్తాను."

అక్క కలం అందుకోబోయింది.

"ఒక్కమాటమ్మా," అన్నాడాయన. "అవతలి దేశంలో బంధువులున్నవాళ్లకి సరిహద్దు ఊళ్లో లాడ్జీ లైసెన్సు ఉండదు. ఫారం చేరిన రోజే రద్దవుతుంది. ఈ రూలు నేను పెట్టింది కాదు."

సెక్రటరీ మీసంలో నవ్వుకున్నాడు. అక్క చెయ్యి ఆగింది. భయం వేసింది ఆమెకి. ఆ పన్నెండు గదులే ఆమె కూడూ గుడ్డా. ఈ వయసులో ఇంకో పని నేర్చుకునేదీ లేదు, పెట్టే దిక్కూ లేదు.

గడియారాలావిడ సంచీ అందుకుంది. "వద్దండీ. మీ పొట్ట కొట్టి మాకు కన్నెందుకు? మాకు బస్సుంది, వెళ్లిపోతాం." ఆయన కూడా గోడ తడుముకుంటూ లేచాడు.

వాళ్లు ఎదురు తిరిగినా, ఏడ్చినా అక్క ఏం చేసేదో తెలీదు. ఇలా మర్యాదగా లేచి వెళ్లిపోతామనేసరికి మాత్రం ఆమెకి ఒళ్లు మండిపోయింది. సెక్రటరీ మీద మండింది, రూలు మీద మండింది, ఆగిపోయిన తన చేతి మీద ఇంకా మండింది.

"నువ్వు నోర్మూసుకో," అంది ఆవిడతో. "అక్క మాట్లాడుతుంటే మధ్యలో నీ గొడవేమిటి?"

బంధుత్వం అన్న చోట పెద్ద అక్షరాలతో 'చెల్లెలు' అని రాసింది.

"మరి ఆయన?" అన్నాడు ఆఫీసరు.

"చెల్లెలి మొగుడు ఏమవుతాడండీ? మరిది. అది కూడా నేనే చెప్పాలా?" కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీసి సెక్రటరీ వైపు తిరిగింది. "చూశావుగా, ఇంక నువ్వు నవ్వుకో."

సాయంత్రానికల్లా సంఘం మనుషులు వచ్చి బోర్డు పీకేశారు. దిగినవాళ్లని ఖాళీ చేయించారు. ట్యాంకరు ఆగకుండా వెళ్లిపోయింది. నలుగురైదుగురు పలకరింపులు మానేశారు. గురువారం ఆపరేషన్ అయింది. ఆ శుక్రవారం నుంచే పెరటి గుమ్మంలోకి ఒక్కొక్కరే రావడం మొదలైంది, కొంగు చాటున ఏదో దాచుకుని. "అక్కా, మీ చెల్లెలు గడియారాలు చూస్తుందటగా?" వీధిలో ఆగిపోయిన గడియారాలన్నీ వంటింటి గట్టు ఎక్కాయి. తువ్వాలు చుట్టి ఒక పెద్ద గోడ గడియారం కూడా వచ్చింది. అది సెక్రటరీ లాడ్జీ హాల్లోదని అక్క చూడగానే గుర్తుపట్టింది. తీసుకుంది కానీ, అందరికంటే ఆఖర్న చేయించింది.

తొమ్మిదో రోజు కట్టు విప్పారు. మరిది కన్ను చికిలించి ముందు పెళ్లాన్ని చూసుకున్నాడు, తర్వాత అక్కని ఎగాదిగా చూశాడు. "మీ గొంతు విని ఇంకా లావుగా ఉంటారనుకున్నాను వదినా," అన్నాడు. అక్క నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

వాళ్లు వెళ్లిన రోజు ఆమె బస్టాండు దాకా వెళ్లింది. మంచం బయటికి లాగలేదు. పోతే పోయింది వెధవ మంచం అనుకుంది. తిరిగొచ్చి చూస్తే గది అలాగే ఉంది. ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని పొద్దుగుంకేదాకా కూర్చుంది. అది మూసుకోలేదు.

ఎనిమిది రోజులకి సెక్రటరీ వచ్చాడు. ఈసారి మీసంలో నవ్వు లేదు. అక్క ఆస్పత్రికి క్యారేజీలు సర్దుతోంది. కొత్తగా మొదలెట్టిన పని.

"కోపంలో రాశానని ఒక్క ముక్క రాసివ్వక్కా. ఆవిడ నాకేమీ కాదని, అంతే. లైసెన్సు నేనిప్పిస్తా. బోర్డు మా ఇంట్లోనే దాచాను."

అక్క క్యారేజీ మూత బిగించి అతన్ని గదిలోకి తీసుకెళ్లింది. "ఏమీ కానివాళ్లు ఖాళీ చేస్తే ఈ ఇల్లు గదిని ఎంతసేపు ఉంచుతుందో నీకు తెలీదా?"

"తెలుసు. బస్టాండుకి వెళ్లేంతసేపు."

"వాళ్లు వెళ్లి ఎన్నాళ్లయింది?"

సెక్రటరీ గోడ మీద చెయ్యి వేసి చూశాడు. ఎండి గట్టిపడింది.

"ఇది మూసుకున్న రోజున రా. నీకేం కావాలంటే అది రాసిస్తాను."

అతను తర్వాతి సోమవారం వచ్చాడు, ఆ పై సోమవారమూ వచ్చాడు, గది చూసి కాగితం జేబులో పెట్టుకుని వెళ్లాడు. ఆ తర్వాతి సోమవారం రాలేదు. అక్క కాసేపు గుమ్మం వైపు చూసి, ఇక రాడని తేలాక, ఉత్తరం రాయడానికి కూర్చుంది.

"మరిదికి చుక్కల మందు మానొద్దని చెప్పు. వచ్చే ఏడాది కంటి పరీక్షకి వచ్చినప్పుడు బస కోసం ఎవరి గుమ్మమూ ఎక్కకండి. మీ గది ఉంది."