బెల్లం నీళ్లలో జీపు

డ్రమ్ము మీద కప్పిన గోనెపట్ట తీసి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, అడుగున మునిగున్న ఇంజిన్ హెడ్డును తడిమి చూసి ఎలీషా తిట్టుకున్నాడు. ఫలానా వాళ్లనని కాదు. ఇనుమును, దానికి పట్టిన తుప్పును, ఆ తుప్పు పట్టేదాకా జీపును గొడ్ల కొట్టంలో పారేసినవాళ్లను, నత్తమాదిరి పనిచేసే ఈ బెల్లం నీళ్లను, అన్నిటినీ కలిపి ఒకటే తిట్టు. వేళ్లకు గరుకు ఇంకా తగులుతూనే ఉంది. కాకుంటే పోయిన వారమంత లేదు. గోటితో గీకితే నల్లటి బురద ఊడొచ్చి, కింద బూడిదరంగు ఇనుము కనపడింది. అది చూసినాక మనసు కొంచెం నిమ్మళించిన మాట నిజమే గానీ, ఆ సంగతి ఒప్పుకునే మనిషి కాడు.

జీపు పులివెందుల అవతల వనజమ్మ వాళ్లది. ఆమె మామ కొన్నది. ఆయన కాలం చేసేదాకా దాన్ని తోలింది ఎలీషా నాయన. చీనీకాయల తోటలకు, పెండ్లిండ్లకు, పంచాయతీలకు, యాడికి పోవాలన్నా ఆ జీపు, ఆ స్టీరింగు ముందర ఆ మనిషి. ఎలీషా ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టింది కూడా దాని కిందికి దూరి స్పానర్లు అందించడానికే. కడిగినాడు, గ్రీజు పెట్టినాడు, టైర్లు మార్చినాడు. తోలనిచ్చింది మాత్రం లేదు. పెద్దాయన బండి, మనది కాదు అని నాయన ఒక్కటే మాట మీద ఉండి, ఆ మాట మీదనే చచ్చిపోయినాడు. యాభై ఏండ్లు దాటినా, జమ్మలమడుగులో మోటర్ సైకిళ్లు విప్పి బిగించుకుంటూ బతుకుతాండే ఎలీషాకు ఆ స్టీరింగు ఇంకా గొంతులో ముల్లు మాదిరే ఉండాది.

వనజమ్మకు కొట్టం ఖాళీ కావాల. డ్రిప్పు పైపులు పెట్టుకోవడానికి చోటు లేదంట. జీపును పాత ఇనుముకు వేస్తానని తెలిసి ఎలీషా పరిగెత్తిపోయి అడిగితే, ఆమె నవ్వి బేరం పెట్టింది. మీ ఈస్టరు పండగ లోపల స్టార్టు చేసి, దాని కాళ్ల మీద దాన్ని కొట్టం దాటించుకోని పోతే నీదే, లేకుంటే పండగ ముందు శనివారం ప్రొద్దుటూరులో పాత ఇనుము కొనే ఫరూఖ్ లారీ వస్తుంది. అంతకంటే ధర్మమైన మాట ఎవరు చెప్తారు? అందుకే ఎలీషాకు ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. అది ఇంకో కోపం.

బిగుసుకున్న పిస్టన్లను డీజిలు పోసి పోసి కదిలించినాడు. బ్రేకు డ్రమ్ములు, హెడ్డు, వాల్వు స్ప్రింగులు, రేడియేటరు, రాగి పెట్రోలు పైపు విప్పి, గోనెసంచుల్లో కట్టి, బస్సు కండక్టరుతో తగువులాడుకుంటూ విడతలు విడతలుగా ఇంటికి మోసుకొచ్చినాడు. ఆ హెడ్డు తుప్పు చూస్తే ఏడుపొస్తుంది. నీళ్లదారులన్నీ పూడిపోయి, చెదపుట్ట మాదిరి ఉండాది. మొదట ఒక బ్రేకు డ్రమ్మును కక్కసులు కడిగే యాసిడ్‌లో వేసినాడు. తుప్పు పోయింది, దాంతోపాటు ఇనుమూ పోయింది. పొద్దున చూస్తే అమ్మవారు పోసిన మొహం మాదిరి గుంటలు. తర్వాత చింతపండు పులుసు. చిన్న సామాన్లకు పనికొచ్చింది గానీ, హెడ్డును ముంచాలంటే మూట చింతపండు కావాల. అప్పుడు ఫరూఖే చెప్పినాడు, నల్లబెల్లం నీళ్లలో నానబెట్టు, నిదానంగా తింటాది, తుప్పును తింటాది గానీ ఇనుము జోలికి పోదు అని. జీపును తూకానికి కొనుక్కోబోయేవాడే దాన్ని బతికించే ఉపాయం చెప్పడం ఎలీషాకు ఇరకాటంగానే ఉండింది. అయినా విన్నాడు.

నల్లబెల్లం నీళ్లు ఎండకు పులిసినాయి. నురగ కట్టి, బుడగలు లేచి, ఇంటి పక్కన ఎలీషా పనిచేసుకునే కొట్టమంతా కమ్మటి పుల్లటి వాసన. ఆ వాసన ఏందో ఆ వీధిలో చిన్నపిల్లను అడిగినా చెప్తుంది. ఎలీషాకు ఇంకా బాగా తెలుసు. ఒకప్పుడు ఆ వాసన వచ్చే దిక్కుకు కాళ్లు వాటంతట అవే పోయేవి. కొత్త సంవత్సరం ఆరాధనలో సంఘమంతా చూస్తుండగా బైబిలు మీద చెయ్యి పెట్టి మానేసినాక, మళ్లా ముట్టలేదు. ఆయన భార్య దీవెనమ్మ స్త్రీల కూడికలో ముందు నిలబడే మనిషి. సారా కాచడానికి బెల్లం ఊట యాడ పెట్టినా, పెట్టింది సొంత తమ్ముడైనా సరే, దాయకుండా చెప్పాలని ఆ కూడికలో ఆడోళ్లంతా ఒట్టు పెట్టుకున్నారు.

ఆమె ఒకసారి కొట్టం వాకిట్లో నిలబడి, ఆ డ్రమ్ములో ఏందని అడిగింది. నీకెందుకే, నీ పని నువ్వు చూసుకో అన్నాడు ఎలీషా. జీపు సంగతి ఎత్తితే, చచ్చినదానికి ప్రాణం పోస్తావా అని ఆమె ఎగతాళి చేస్తుంది, అది వినే ఓపిక ఆయనకు లేదు. అంతే. ఆమె ఒకసారి వాసన ఎగబీల్చి ఇంట్లోకి పోయింది.

గుడ్ ఫ్రైడే వారం మొదట్లో, పొద్దున పూట, సారా పట్టే పోలీసులు వచ్చినారు. ముందు వచ్చింది సుప్రియ అని ఎస్సై, ఈ సీమ యాస రాని పిల్ల. గోనెపట్ట తీసి చూసింది. నురగ. పక్కన గోడకు ఆనించిన రేడియేటరు. మేకుకు చుట్ట చుట్టి తగిలించిన రాగి పైపు. సారా కాచేవాళ్లు ఆవిరి చల్లారబెట్టడానికి వాడే సామాను ఒకటి తక్కువ కాకుండా ఎదురుగా ఉంటే, ఆమె మాత్రం ఏమనుకుంటుంది? ఎలీషా తుప్పు గురించి చెప్పబోయినాడు. వెనకాల కానిస్టేబులు కిసుక్కుమన్నాడు.

"జీపుకు తాపుతాండావా మామా, సారా?"

సీసాలో కొంచెం పట్టుకుని, మిగిలింది డ్రమ్మును దొర్లించి పారబోసినారు. బెల్లం నీళ్లు వాకిలంతా పారి, ఈగలు ముసిరినాయి. అడుగున ఉన్న హెడ్డు ధన్‌మని నేల మీద పడింది. ఎలీషా దాన్ని చూసి నిలబడిపోయినాడు. తెల్లగా, కొత్తదాని మాదిరి ఉండాది. ఎంత బాగా వచ్చిందో తెలిసింది సరిగ్గా ఆ గడియలోనే.

స్టేషన్లో ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, సామానంతా వరండాలో వరసగా పరిచి చీటీలు కట్టినారు. హెడ్డు మీద నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. ఎలీషా కళ్లు అక్కడే ఉన్నాయి. తను లోపలికి పోతాడా, పోడా అన్నది ఆయనకు పట్టలేదు.

"మ్యాడం, కేసు రాసుకోండి. నేనేం అడ్డం చెప్పను. ఆ హెడ్డుకు ఇంత నూనె పూయనీయండి. నీళ్లలో నుంచి తీసినాక తుడిచి నూనె పెట్టకపోతే, చూస్తాండంగానే మళ్లా ఎర్రబారిపోతాది."

"సీజ్ చేసిన వస్తువు, ముట్టుకోకూడదు."

"నేను ముట్టుకోను. మీరే పూయండి. నూనె నేను తెప్పిస్తా."

ఆమె ఒక క్షణం ఆలోచించినట్టే ఉండింది. నూనె రాస్తే దాని మీద ఉన్నది చెరిగిపోతుందని, రేపు పరీక్ష చేసేవాళ్లు అడిగితే తను జవాబు చెప్పుకోవాలని నెమ్మదిగానే చెప్పింది. చెడ్డది కాదు. చెడ్డదైతే ఎలీషా ఇంతగా కుమిలిపోయేవాడు కాదు. మధ్యాహ్నం ఎండ వరండాలోకి వచ్చేసరికి హెడ్డు అంచుల్లో పసుపు పూసినట్టు కనపడింది. టీ వేళకు అది నారింజ రంగుకు తిరిగింది. వారాల తరబడి ఒక్కొక్క పొర కరిగించింది, ఆయన ముందరే తిరిగొచ్చి కూర్చుంటాంది. లేచి రెండడుగులు వేసినాడు. కానిస్టేబులు కూర్చోమన్నాడు. కూర్చున్నాడు.

పిలిచినప్పుడు రావాలని చెప్పి సాయంత్రానికి వదిలిపెట్టినారు. సామాను మాత్రం పరీక్ష తేలేదాకా అక్కడే. అంటే పండగ దాటినాకే.

ఇంటికొచ్చేసరికి దీవెనమ్మ వాకిట్లో ఎండిపోయిన బెల్లం మరకను నీళ్లు పోసి రుద్దుతోంది. తలెత్తలేదు.

"నేనే ఫోన్ చేసినా."

ఎలీషాకు ముందు అర్థం కాలేదు.

"ఊట వాసన కాదా అది? అడిగితే నీకెందుకంటివి. మళ్లా మొదలు పెడతాండావనుకున్నా. నువ్వు నోట్లో పోసుకోకముందే పట్టియ్యల్లనుకున్నా. పట్టిచ్చినా."

"తుప్పుకే అది. జీపు తుప్పుకు."

"ఆ ఒక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పొయ్యేది?"

ఎలీషాకు ఆమెను తిట్టాలని శానా ఉండింది. తిడితే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తిరిగి తన దగ్గరికే వచ్చి ఆగుతుందో తెలిసినందువల్ల లోపలికి పోయి అన్నం తినకుండా పడుకున్నాడు.

శుక్రవారం గుడిలో ఆరాధన అయినాక ఇద్దరూ పులివెందుల బస్సెక్కినారు. ఆయన రమ్మనలేదు, ఆమె వచ్చింది. వనజమ్మ ఇంటి ముందర దీవెనమ్మే నోరు తెరిచి, తప్పు తనదని, ఇంకొక నెల గడువియ్యమని అడిగింది. వనజమ్మ మజ్జిగ ఇప్పించి, అంతా విన్నది.

"గడువుదేముందమ్మా, ఇద్దును. మా మామ జీపు సామాన్లు సారా కేసులో పడినాయని ఊరంతా తెలిసింది. బంధువులు ఫోన్లు చేసి నవ్వుతాండారు. అది నా వాకిట్లో ఇంకొక్క దినం ఉండకూడదు."

వనజమ్మ రాత్రికి ఉండమంటే, కొట్టం దగ్గరే ఉండిపోయినారు.

మర్నాడు ఫరూఖ్ లారీ వచ్చింది. ఫరూఖ్ రాలేదు, డ్రైవరును, ఇద్దరు కూలీలను పంపినాడు. లారీని కొట్టం వాకిలికి ఆనించి, వెనక పలకలు వాలుగా వేసి, గొలుసు కట్టి లాగాలని చూసినారు. బ్రేకు డ్రమ్ములు స్టేషన్లో ఉన్నందున జీపుకు బ్రేకుల్లేవు, కట్టినప్పుడల్లా ఓ పక్కకు దొర్లి పలకల మీద నుంచి జారిపోతోంది. ఎవరో ఒకరు లోపల కూర్చుని స్టీరింగు పట్టుకోవాలన్నాడు డ్రైవరు. కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఎలీషా పోయి కూర్చున్నాడు.

సీటు లేదు, ఇనుప చట్రమే. స్టీరింగు ఆయన అనుకున్నదాని కంటే సన్నగా ఉండాది. గొలుసు బిగిసింది. దీవెనమ్మ చీర కొంగు దోపుకుని, కూలీల పక్కన భుజం ఆనించి వెనక నుంచి తోసింది. జీపు కదిలింది, కొట్టం గడప దాటింది. ఎలీషా ఎడమకు కొంచెం, కుడికి కొంచెం తిప్పుతూ దాన్ని నేరుగా పలకల మీదికి ఎక్కించి, లారీ గర్భంలోకి తీసుకుపోయి నిలబెట్టినాడు. ఒక్కసారి కూడా జారలేదు. దీనికోసమా ఇంత కాలం అనుకున్నాడు.

చక్రాలకు రాళ్లు పెట్టి, తాళ్లు కట్టినాక డ్రైవరు దిగమన్నాడు. ఎలీషా దిగలేదు. ఏందప్పా ఇది అని డ్రైవరు వనజమ్మ దిక్కు చూసినాడు. కూర్చోనీలే, ముద్దనూరులో దించు, జమ్మలమడుగు బస్సు ఆడ దొరుకుతాది అనేసి ఆమె లోపలికి పోయింది.

లారీ కదలబోతుంటే దీవెనమ్మ పక్క పలక పట్టుకుని ఎక్కి, జీపులో ఎలీషా పక్కన కూర్చుంది. ఆయన ఆమె దిక్కు తిరగలేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ముందు లారీ క్యాబిన్ మీదుగా కనపడే రోడ్డును చూస్తున్నాడు. గాలికి కళ్లలో నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అరటి తోటలు, చీనీ తోటలు వెనక్కి పోతున్నాయి. మలుపు వచ్చినప్పుడు చేతులు వాటంతట అవే కదిలినాయి.

"ఎదురుగా బస్సు వస్తాంది," అన్నది దీవెనమ్మ.

"నాకు కనపడతాంది. నోరు మూసుకోని కూకో," అని, ఎలీషా స్టీరింగును ఎడమ పక్కకు కొంచెం తిప్పినాడు.